కొత్త పెట్టలు ఇంకా గ్యారేజీలోనే ఉన్నాయి

లెస్టర్, ఇంగ్లండ్,
12 అక్టోబర్ 2025

అమ్మకి,

"కోళ్ళకి కూడా క్వారంటైనేంట్రా" అని మొన్న ఫోన్లో నువ్వు నవ్వావు, వెనకాల అక్క కూడా నవ్వడం వినిపించింది. చెప్పేలోపే లైన్ పోయింది. అందుకే రాస్తున్నా. అక్కతో చదివించుకో, కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతక్కు.

కొత్తవి మూడు, రేపోమాపో గుడ్డు పెట్టబోయే పెట్టలు. పాతవి నాలుగూ పెరట్లో గూట్లో ఉన్నాయి. కొత్తవాటికీ పాతవాటికీ మధ్య కనీసం పదిపన్నెండు మీటర్లుండాలట. మా పెరడు మొత్తం కొలిచినా అంత రాదు, కాబట్టి గ్యారేజీలో పెట్టి కారు బయటికి తోశా. పొద్దున్నే ముందు పాతవాటికి మేతా నీళ్ళూ, ఆ తర్వాతే కొత్తవాటికి. గ్యారేజీకి వేరే బూట్లు, వేరే డబ్బా, వచ్చాక సబ్బుతో చేతులు. "అన్నానికి పిలిస్తే ఇలా ఎప్పుడైనా కడుక్కున్నారా" అంటోంది నీ కోడలు.

తొమ్మిదో రోజున ఒకదాని తోక కింద ఈకలు మాసినట్టు కనిపించాయి. విప్పి చూస్తే పేలు, గబగబా పాకుతున్నాయి. మూడింటికీ పొడి వేశాం, పేల గుడ్లలోంచి వచ్చేవి మిగలకుండా వారానికి మళ్ళీ వేశాం. తిన్నగా గూట్లో వదిలుంటే ఏడింటికీ పట్టేవి. రాత్రిళ్ళు లైటార్పేసి గ్యారేజీలో నిలబడి, ఏదైనా గురక పెడుతోందేమోనని వింటున్నా. పక్కింటాయన చూస్తే ఏమనుకుంటాడో! అన్ని రోగాలూ వెంటనే బయటపడవమ్మా. కొన్ని నాలుగైదు రోజుల్లో తేలతాయి, కళ్ళల్లో నురగొచ్చి గురకపెట్టే రోగం మూడు వారాలైనా తీసుకోవచ్చు. అందుకే నెల రోజులు విడిగా ఉంచడం.

నీకు గుర్తుందా, నేను ఆరో క్లాసులో ఉండగా నాన్నగారు సంతలో పెట్టని తెచ్చారు. ఆ సాయంత్రమే మిగతావాటితో కలిపి గంప కింద మూశావు. ఐదో రోజుకల్లా అది పచ్చగా పారి, మెడ తిరిగిపోయి చచ్చింది. తర్వాత వారంలో పన్నెండు పోయాయి. పక్కింటావిడ దిష్టని ఆవిడతో రెణ్ణెల్లు మాట్లాడలేదు నువ్వు. అది కొక్కెర తెగులమ్మా, సంత పెట్టతోనే వచ్చుంటుంది. ఆవిడ పాపం ఏమీ చేయలేదు. ఆ తెగులుని 1926లో ఈ దేశంలోనే న్యూకాజిల్ అనే ఊళ్ళో గుర్తించారు, ఇక్కడ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. మన పశువుల డాక్టరు రాణిఖేత్ అని చుక్కల మందు వేసేది దానికే.

ఇక అసలు టెన్షన్ ఇప్పుడు. కొన్ని కోళ్ళు పైకి ఆరోగ్యంగానే ఉంటాయి కానీ రోగాన్ని మోస్తుంటాయి. వాటిని పట్టాలంటే నెల అయ్యాక పాతవాటిలో ఒకదాన్ని కొత్తవాటితో కలిపి రెండు వారాలు చూడాలి. దానికేమైనా అయితే మిగతావి బతుకుతాయి. ఎవరిని పంపాలి? గుడ్లు మానేసిన బూడిదరంగు పెట్టనన్నా. పాప ఏడ్చేసింది, అదే దాని మొదటి కోడి. చివరికి మిగతావాటిని ఊరికే పొడిచే ఎర్రదాన్ని పంపాం. తొమ్మిది రోజులైంది, శుభ్రంగా తింటోంది, గ్యారేజీలో కూడా అదే పెత్తనం.

ఇంకో మాట వింటే నువ్వు మళ్ళీ నవ్వుతావు. ఇక్కడ ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. మన వంటింట్లో మిగిలిన అన్నం కోళ్ళకి వేస్తే చట్టప్రకారం తప్పు! గిన్నె అడుగున మెతుకులు చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. ఫిబ్రవరిలో తణుకు వైపు ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నువ్వు పెట్టలన్నిటినీ వారం రోజులు బయటికి వదల్లేదు కదా, ఇక్కడా చలికాలంలో అది వస్తే అలాగే మూసి ఉంచమంటారు.

ఎర్రదానికి ఏమీ కాకపోతే వచ్చే శనివారం చీకటి పడ్డాక కొత్తవాటిని గూట్లో దండెం మీద కూర్చోబెడతా. రాత్రి కలిపితే పొద్దున కొట్లాట తక్కువని నువ్వు అనేదానివి, ఇక్కడి పుస్తకాల్లోనూ అదే ఉంది. కానీ ముందు కొన్నాళ్ళు మధ్యలో జాలీ పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వమంటున్నారు. నువ్వు అలా ఎప్పుడైనా చేశావా? పొడుచుకుని నెత్తురొస్తే పసుపు వేయడం తెలుసు, అందులో నూనె కూడా కలిపేదానివా? ఆదివారం ఫోన్ చేస్తా, చెప్పు.

నీ
చిన్నోడు