2025 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కాటేదాన్, బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, రాణీగంజ్ నుంచి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

విదేశీ చవక ఉక్కు దెబ్బకు హైదరాబాద్ చిన్న ఉక్కు యూనిట్లు కుదేలవకూడదని ఈ సంఘం పెట్టుకున్నాం, మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. చాలా ఏళ్లుగా మనం అడుగుతున్నదాంట్లో కొంత ఈ ఏడాది దక్కింది. విదేశాల నుంచి అడ్డగోలు రేట్లకు వచ్చి పడుతున్న ఫ్లాట్ స్టీల్ (కాయిల్, షీటు, ప్లేటు) మీద ఏప్రిల్ 21న కేంద్ర ఆర్థిక శాఖ 12 శాతం తాత్కాలిక సేఫ్‌గార్డ్ సుంకం వేసింది. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి ఇక్కడి పరిశ్రమ దెబ్బతినకుండా కొంతకాలం వేసే అదనపు సుంకం ఇది. దాని 200 రోజుల గడువు నవంబరులో తీరిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు రాణీగంజ్ సభ్యులకు ఒకటే ఫోన్లు, ‘సుంకం పోయినట్టేనా, ఆర్డరు పెట్టొచ్చా’ అని. డిసెంబరు 30న తుది నోటిఫికేషన్ వచ్చాక ఆ టెన్షన్ తగ్గింది. ఏప్రిల్ 21 నుంచే లెక్కేసి మూడేళ్లు ఇచ్చారు: మొదటి ఏడాది 12 శాతం, రెండో ఏడాది 11.5, మూడో ఏడాది 11.

ఇదంతా మన వల్లే వచ్చిందని చెప్పుకుంటే నవ్వుతారు. దరఖాస్తు పెట్టింది పెద్ద కంపెనీల తరఫున ఇండియన్ స్టీల్ అసోసియేషన్, విచారణ జరిపింది ఢిల్లీలో ఇలాంటి సుంకాల కేసులు చూసే కేంద్ర వాణిజ్య శాఖ విభాగం డీజీటీఆర్. కానీ హైదరాబాద్ చిన్న యూనిట్ల మాట కూడా ఫైల్లో ఉండాలని మనం వినతిపత్రాలు పంపాం. వాటి నకళ్లు, పోస్టు రసీదులు కార్యాలయంలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

కొత్త సభ్యుల కోసం కొన్ని అంకెలు. 2023-24లో ఉక్కు విషయంలో మన దేశం ఎగుమతుల కంటే దిగుమతులు ఎక్కువ చేసుకునే స్థితికి వచ్చింది. ఫినిష్డ్ స్టీల్ సుమారు 83 లక్షల టన్నులు లోపలికి వస్తే 75 లక్షల టన్నులు బయటికి వెళ్లింది. 2024-25లో దిగుమతి 95 లక్షల టన్నులకు చేరింది, ఎగుమతి 50 లక్షల లోపుకు పడిపోయింది. అసలు కారణం చైనా. అక్కడ ఇళ్ల నిర్మాణం కుదేలైనా కొలుములు ఆపలేదు. 2024లో 11 కోట్ల టన్నులకు పైగా బయటి దేశాలకు పంపారు. అమెరికా ఉక్కు మీద సుంకాన్ని 2025 మార్చిలో 25 శాతం, జూన్ 4 నుంచి 50 శాతం చేసింది. అక్కడ తలుపు మూసుకుంటే సరుకు తలుపు తీసి ఉన్న చోటికే వస్తుంది.

ఆగస్టు సదస్సు

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆగస్టు 10న బాలానగర్‌లో జరిపిన సదస్సు. ఆషాఢంలో ఆదివారాలన్నీ బోనాలకు పోయాయి కాబట్టి శ్రావణంలో పెట్టాం. అది రాఖీ మర్నాడైంది, ముందు రోజుల్లో వానలు దంచికొట్టాయి. జనం రారేమోనని భయపడ్డాం. హాలు నిండి, వెనక నిలబడ్డవాళ్లకు కుర్చీలు పక్క షాపు నుంచి తెప్పించాల్సి వచ్చింది.

ఎప్పుడూ జరిగే సన్మానాలు, శాలువాలు ఈసారి వద్దనుకున్నాం. వేదిక మీద ఒక పక్క రీరోలింగ్ మిల్లు నడిపే మన సభ్యుడు, ఇంకో పక్క సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు కొని దాన్ని ప్రెస్‌లో నొక్కి పార్టులు చేసే మన సభ్యుడు. ఇద్దరూ పదేళ్లుగా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ప్రెస్ షాపు ఆయన నిలదీశారు: “అన్నా, సుంకం పడితే ఇక్కడి పెద్ద మిల్లులు మర్నాడే రేటు పెంచుతాయి. నేను కంపెనీతో ఏడాది రేటు రాసుకున్నా. ఆ తేడా ఎవరు కడతారు?” మిల్లు ఆయన చెప్పిన జవాబు: “ఇయ్యాల చవకగా వస్తుందని కొంటరు. ఇక్కడి మిల్లులు మూతపడ్డంక వాళ్లు ఏ రేటు చెప్తే ఆ రేటే. అప్పుడు ఎవరినడుగుతరు?” చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి మన సంఘం పని కష్టం.

తర్వాత మన సభ్యుల్లో ఒక రిటైర్డ్ కాస్ట్ అకౌంటెంట్ గారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. హెచ్ఆర్ (హాట్ రోల్డ్) కాయిల్ టన్ను 500 డాలర్లకు ఓడరేవులో దిగిందనుకుంటే, 12 శాతం అంటే 60 డాలర్లు. అదే సరుకు 675 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ ధరకు వస్తే ఈ సుంకమే లేదు. అంటే సరసమైన ధరకు వచ్చే మంచి సరుకును ఎవరూ ఆపడం లేదు. కొరియా, జపాన్‌లతో ఉన్న ఒప్పందాల వల్ల అక్కడి ఉక్కుకు మామూలు కస్టమ్స్ సుంకం పడదనీ, సేఫ్‌గార్డ్ మాత్రం వాటికీ వర్తిస్తుందనీ చెప్పారు. ఏడాదికి మించి ఉండే సేఫ్‌గార్డ్ క్రమంగా తగ్గుతూ పోవాలన్నది ప్రపంచ వాణిజ్య సంస్థ నియమం. మన మిల్లులు ఈలోపు తమ ఖర్చులు తగ్గించుకోవాలి. శాశ్వతంగా గోడ కట్టుకుని లోపల కూర్చోవడానికి ఇది పనికిరాదు.

ఎగుమతికి సరుకు చేసేవాళ్లు అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే ముందస్తు అనుమతి కింద ఈ సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకోవచ్చన్న సంగతి చాలామంది సభ్యులకు అక్కడే తెలిసింది. ప్రెస్ షాపు ఆయన వెంటనే పెన్ను తీసి రాసుకున్నారు. నా దృష్టిలో సదస్సు ఖర్చు అక్కడే వసూలైంది.

చివర్లో చేసిన తీర్మానం: సుంకాన్ని సమర్థిస్తున్నాం, దానితో పాటు దేశీయ ధరల మీద నిఘా ఉండాలి, చిన్న వినియోగదారులకు టన్నుల లెక్కన కాకుండా కట్టల లెక్కన కూడా మిల్లు రేటుకే సరుకు దొరకాలి. ‘సమర్థిస్తున్నాం’ అన్న మాట దగ్గరే గంట వాదన నడిచింది. టీ చల్లారిపోయింది, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం మిగల్లేదు.

విశాఖ ఉక్కు గురించి

సదస్సు బ్యానర్ మీద విశాఖ ఉక్కు ఫొటో వేయాలని కొందరు పట్టుబట్టారు. అక్కడ పనిచేసి ఇక్కడ స్థిరపడిన సభ్యుల మనసు నాకు తెలుసు. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్లను ఎవరూ మర్చిపోలేదు. కానీ మన వాదన నిలబడాలంటే వాస్తవం చెప్పాలి. ఈ సుంకం కాయిల్, షీటు, ప్లేటు లాంటి ఫ్లాట్ సరుకుకు. విశాఖలో చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు. ఆ ప్లాంటుకు సొంత ఇనుప ఖనిజ గనులు లేవు, అప్పుల భారం ఉంది. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఆ కష్టానికి. రెండింటినీ కలిపి మాట్లాడితే ఢిల్లీలో మన కాగితం పక్కన పడేస్తారు. బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ మాట కూడా అంతే. ఖమ్మం జిల్లాలో ఉక్కు ప్లాంటు వీలు పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలో ఉంది, అడుగుతూనే ఉంటాం, కానీ వేరే వినతిపత్రంలో.

కాస్ట్ షీట్లు

ఇప్పుడు చేదు మాట. సేఫ్‌గార్డ్ కాక యాంటీ డంపింగ్ సుంకం అనే ఇంకో దారి ఉంది. కానీ చవకగా వచ్చిన సరుకల్లా డంపింగ్ కాదు. తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఇక్కడ అమ్మాడని, దానివల్లే మనకు నష్టం జరిగిందని అంకెలతో చూపించాలి. యాంటీ డంపింగ్ నియమాల ప్రకారం ఆ సరుకు దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం చేసేవాళ్లు దరఖాస్తును బలపరచాలి, అభిప్రాయం చెప్పినవాళ్లలో సగానికి పైగా అనుకూలంగా ఉండాలి. వియత్నాం హాట్ రోల్డ్ సరుకు మీద నవంబరులో టన్నుకు 121.55 డాలర్ల చొప్పున ఐదేళ్లకు సుంకం పడిందంటే, పెద్ద కంపెనీలు కరెంటు బిల్లు నుంచి కాయిల్ అమ్మకం దాకా నెలనెలా లెక్క ఇవ్వగలిగాయి కాబట్టే.

మన సంగతి? ఫిబ్రవరిలో కాస్ట్ షీట్ ఫారం, అంటే సరుకు తయారీ ఖర్చుల లెక్క రాసే కాగితం, ఇచ్చాం. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు వరసగా లేచాయి. నింపి తెచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ‘మా లెక్కలు బయటికి పోతాయి’ అన్నారు. రహస్య ప్రతి వేరుగా, బయటికి ఇచ్చే ప్రతి వేరుగా పెట్టే పద్ధతి చట్టంలోనే ఉందని సర్క్యులర్‌లో రాశాం, సదస్సులో చెప్పాం, ఇంటికి వెళ్లి కూడా చెప్పాం. ‘అన్యాయం జరుగుతోంది’ అని మైకులో అరిచే గొంతులు చాలానే ఉన్నాయి. ఆ అన్యాయం ఎన్ని రూపాయలో కాగితం మీద పెట్టే చేతులు మాత్రం కనబడడం లేదు. చిన్న ఫర్నేసుల బాధ ఢిల్లీకి తెలియదని ఫిర్యాదు చేసే ముందు ఈ సంగతి ఆలోచించండి.

ఆదివారం పని కమిటీకి పేర్లిచ్చిన యువ సభ్యులు మొదటి నెల తర్వాత కనబడలేదు. పెళ్లిళ్లు, పరీక్షలు, ట్రాఫిక్, అన్నీ అర్థం చేసుకుంటాం. రానివాళ్లు ముందే చెబితే సరిపోతుంది.

అధికారుల విషయానికొస్తే, నగరంలో ఒక కార్యాలయంలో మన వినతికి నంబరు వేశారు, స్టాంపు వేశారు. మళ్లీ వెళ్తే ‘సార్ మీటింగులో ఉన్నారు’. ఇంకోసారి వెళ్తే సార్ బదిలీ అయ్యారు. కొత్త సారు మళ్లీ కాపీ అడిగారు. ఇచ్చాం.

లెక్కలు

ఆదాయ వ్యయాల పట్టిక అనుబంధంలో ఉంది, ఆడిటరు గారు సంతకం చేశారు. సదస్సు వల్ల కొంచెం లోటు వచ్చింది, చందా బకాయిలు వస్తే సర్దుకుంటుంది. బకాయిదారుల పేర్లు ఈసారి చదవడం లేదు, వచ్చేసారి చదువుతాం.

కృతజ్ఞతలు

ఉచితంగా హాలు ఇచ్చిన సభ్యునికి, కుర్చీలిచ్చిన పక్క షాపు యజమానికి, బోర్డు దగ్గర రెండు గంటలు నిలబడిన అకౌంటెంట్ గారికి, వినతిపత్రాన్ని హిందీలో, ఇంగ్లీషులో తయారు చేసిన న్యాయవాది గారికి, టైపు చేసిన అమ్మాయికి, రాత్రి పూట కూడా జిరాక్స్ తీసిచ్చిన కుర్రాడికి, మైకు అబ్బాయికి, వానలో టీ కాన్లు మోసుకొచ్చిన ఇరానీ హోటల్ వారికి, ఊళ్లో లేకపోయినా ఫోన్లో వెన్నుదన్నుగా నిలిచిన అధ్యక్షుల వారికి, ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి నన్ను విసిగించిన కోశాధికారి గారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఆదివారాలు నన్ను సంఘానికి వదిలేసిన మా ఇంట్లోవాళ్లకు కూడా.

కాస్ట్ షీట్ ఫారాలు ఈ రోజు రిజిస్టరు దగ్గరే పెట్టాం. నింపడం రాకపోతే అకౌంటెంట్ గారు భోజనాల తర్వాత కూర్చుంటానన్నారు. సహాయ కార్యదర్శి పదవికి గడువులోగా ఒక్క నామినేషన్ కూడా రాలేదు కాబట్టి, అధ్యక్షుల వారి అనుమతితో సభలోనే పేర్లు అడుగుతాం.

ఇట్లు,
కార్యదర్శి