డిక్కీ తెరిచిన మెకానిక్ గారికి కృతజ్ఞతలు

డయాలసిస్ కోసం మా అమ్మగారిని తీసుకువెళ్లిన రోజు, మద్దిలపాలెంలో ఆసుపత్రి ముందు కారు ఆపి ఎన్నిసార్లు బటన్ నొక్కినా, ఆమె చక్రాల కుర్చీ ఉన్న డిక్కీ తెరుచుకోలేదు. ఎదురుగా స్కూటర్ బాగుచేస్తున్న మెకానిక్ నా కంగారు గమనించి, పని ఆపి వచ్చారు.

ఆయన మొదట చూసింది కారును కాదు, అమ్మను. "ఎండలో ఎందుకమ్మా, ఇలా రండి" అంటూ తన కుర్చీ తెచ్చి నీడలో వేశారు. తరువాత వెనుక సీటు మడిచి, ఆ ఇరుకులో లోపలికి పాకి, తాళం పక్కనున్న అత్యవసర మీట లాగి కుర్చీని బయటకు తీశారు.

తాళంచెవి ఆయనకే ఇచ్చి లోపలికి వెళ్లాము. నాలుగు గంటల తరువాత వచ్చేసరికి, ఫ్యూజు బాగానే ఉన్నా తాళం మోటారుకు 12 వోల్టుల కరెంటు చేరడం లేదని టెస్ట్ ల్యాంపుతో కనిపెట్టి, మూత కదిలినప్పుడల్లా వంగి వంగి కీలు దగ్గర రబ్బరు గొట్టంలో తెగిన తీగకు టంకం వేసి ఉంచారు. తెగిన కొసకు చిలుము పట్టింది. మన విశాఖ ఉప్పుగాలి అటువంటిది.

బటన్ మాత్రం అమ్మ చేతనే నొక్కించారు. డిక్కీ తెరుచుకోగానే, నీరసంలోనూ ఆమె నవ్వింది. ఆ నవ్వుకు, ఆ నీడకు, అన్నా, మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.