ఓపీ చీటీ వెనక గీత గీసి చూపించిన సిస్టర్ గారికి, మా వీధి ఆశా అమ్మాయికి

మేం ఉండేది విశాఖలో, కంచరపాలెం. మా పిన్ని 49 ఏళ్లకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. ఆ భయంతోనే నేను ఏటా పాప్ స్మియర్ అనే పరీక్ష చేయించుకుంటూ వచ్చాను. ఒక్క ఏడూ తప్పలేదు.

ఈసారి డాక్టరమ్మ హెచ్‌పీవీ పరీక్ష చేయించారు, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది. నెగెటివ్. "ఇక ఐదేళ్లకి రండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. రోగం బయటపడ్డాక పిన్ని ఏడాదిన్నర కూడా బతకలేదు, ఐదేళ్లు ఎలా ఊరుకోమంటారు? వదిలించుకోడానికే ఇలా అంటున్నారని మొహం మీదే అనేశాను. ఆవిడ నొచ్చుకోకుండా సిస్టర్ గారిని పిలిచారు.

సిస్టర్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓపీ చీటీ వెనక పెన్నుతో పొడుగ్గా ఒక గీత గీశారు. ఈ కొసన వైరస్, ఆ కొసన క్యాన్సర్. "ఇక్కణ్ణుంచి అక్కడికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుందమ్మా. పాప్ స్మియర్‌లో కణాలు మారాయేమో చూస్తాం. ఈ హెచ్‌పీవీ పరీక్షలో వాటిని మార్చే వైరస్ అసలుందా అని చూస్తాం. లేదని తేలాక ఏటేటా వెతకడం దేనికి?" వైరస్ సోకినా చాలామందికి రెండేళ్లలోపే దానంతటదే పోతుందట. ఏటా గాలిస్తే, తగ్గిపోయే మార్పులకి కూడా ముక్క తీసి పరీక్షకి పంపాల్సి వస్తుందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 30 దాటినవాళ్లకి ఈ పరీక్ష 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలని చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి మాత్రం ఇంకా ముందే మొదలుపెట్టాలి, తరచుగా చేయాలి. "మధ్యలో అకారణంగా రక్తం కనిపిస్తే మాత్రం ఆగకండి, వెంటనే రండి" అని రెండుసార్లు చెప్పారు.

చివర్లో అడిగారు: "మీ ఇంట్లో ఒక్కసారి కూడా చేయించుకోనివాళ్లు ఎవరు?"

మా వదిన. 44 ఏళ్లు. ఇన్నేళ్లూ నేను ఒక్కదాన్నే వెళ్లొచ్చాను, ఆవిణ్ణి రమ్మని అడగనే లేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

వదినకి సిగ్గు. "రోగం లేందే బట్టలు విప్పడమేంటి" అంది. ఆశా అమ్మాయి మూడు సాయంత్రాలు వచ్చి కూర్చుంది, బతిమాలింది, చివరికి తనే వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ గర్భాశయ ముఖద్వారం మీద ఎసిటిక్ యాసిడ్ అద్ది ఒక్క నిమిషం ఆగితే తెల్లమచ్చ కనబడింది. పెద్దాసుపత్రికి పంపారు. క్యాన్సర్ కాదు, దాని ముందు దశ. వేడి పరికరంతో ఆ చోట కాల్చి, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఆ కాసేపూ వదిన చెయ్యి ఆ అమ్మాయి చేతిలోనే ఉంది.

వదిన ఏడాదికి మళ్లీ వెళ్లాలి, నేను ఐదేళ్లకి. రెండు తేదీలూ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకున్నాం. డాక్టరమ్మా, ఆరోజు నేనన్న మాటకి క్షమించండి. సిస్టర్ గారూ, మీ చీటీ మా డ్వాక్రా గ్రూపులో చేతులు మారి మారి నలిగిపోయింది, అయినా దాచుకున్నాను. ఆశా అమ్మాయీ, ఆ మూడు సాయంత్రాలూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు నువ్వు. ఈ ఆదివారం వదిన పెసరట్లు వేస్తానంది, పిల్లల్ని తీసుకుని రా.