మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

సంపాదకుడు గారికి నమస్కారం. ఏటా మార్చి 20కి అటూ ఇటూగా ప్రపంచ సంతోష నివేదిక వస్తుంది, 2018 నుంచి 2025 వరకు వరుసగా ఫిన్లాండే ఫస్టు, మనం ఎక్కడో కింద. కానీ ఆ ర్యాంకు ఒకే ప్రశ్న మీద నిలబడిందని చాలామందికి తెలీదు: సున్నా నుంచి 10 వరకు మెట్లున్న నిచ్చెన ఊహించుకుంటే, మీ జీవితం ఏ మెట్టు మీదుంది? ఇదే మా ఇంట్లో అడిగాను. మోకాళ్ల నొప్పులతో నడవలేని అమ్మ 9 అంది, ఈసారి ఆవకాయ బాగా కుదిరిందట, మనవరాలు రోజూ వీడియో కాల్ చేస్తోందట. మంచి జీతమున్న తమ్ముడు మాత్రం 5 అన్నాడు, ఇంటి లోన్ టెన్షన్‌తో నిద్ర లేదు పాపం. ర్యాంకుతో పాటు ఆ ప్రశ్న కూడా అచ్చు వేయండి, ప్రతి ఇంట్లో ఒకరినొకరు అడుగుతారు.