ఇంటి డ్యూటీకీ ఒక స్పేర్ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కన్నవాళ్లను వదిలేసి వెళ్లిపోయిన పిల్లల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తుంటాయి. రావాలి కూడా. జబ్బుపడ్డ మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాళ్ల సంగతి మాత్రం పెద్దగా కనబడదు. వాళ్లలో నేనొకణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైనా దయచేసి కోయకుండా వేయండి.

నేను తెనాలిలో ఉంటాను. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి 2013లో రిటైరయ్యాను. నాకు 70 నిండాయి, మా ఆవిడకు 66. 2019లో గుంటూరులో నరాల డాక్టరు గారు ఆమెకు అల్జీమర్స్ అని చెప్పారు. అంతకు రెండేళ్ల ముందు నుంచే కూరలో రెండోసారి ఉప్పు వెయ్యడం, పాలవాడికి డబ్బులిచ్చి మళ్లీ ఇవ్వబోవడం జరిగేవి. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం.

ఇప్పుడు సాయంత్రం ఐదైతే చాలు, "చీకటి పడుతోంది, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, నే వెళ్లొస్తా" అని గుమ్మం దగ్గరికి నడుస్తుంది. వాళ్లమ్మ గారు పోయి ముప్ఫై ఏళ్లు. పుట్టిల్లు భట్టిప్రోలు వైపు. 2021లో ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో లేదు. గంటన్నర వీధులన్నీ వెతికాను. చివరికి బస్టాండులో కనిపించింది. రేపల్లె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుందట. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో రూపాయి లేదు. ఆ కండక్టరు కుర్రాడు నేను రిటైరయ్యాక చేరినవాడు, నేనెవరో అతనికి తెలియదు. చూడగానే ఏదో తేడాగా ఉందని గ్రహించి, నెమ్మదిగా దించి, కంట్రోలరు గది ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే బస్సుకు విజిల్ వేశాడట. ఆ బాబుకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ మర్నాడే తలుపుకు చెయ్యి అందనంత ఎత్తులో గొళ్లెం పెట్టించాను. రాత్రిళ్లు ఆమె చీర కొంగు నా మణికట్టుకు కట్టుకుని పడుకుంటాను, లేస్తే నాకు తెలియాలని. ఒక్కో రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది.

పిల్లలను తప్పుపట్టను. కొడుకు పుణెలో ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాడు, నెలనెలా డబ్బు పంపుతాడు. కూతురిది తాడేపల్లిగూడెం. వాళ్లత్తగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆవిడను వదిలి నా కూతురు నా దగ్గరికి ఎలా వస్తుంది? ఫోనులో మా తండ్రీకూతుళ్లం మాట్లాడుకునేది డైపర్ల రేట్లూ, ఎయిర్ బెడ్డు సంగతులూ.

మాకు డిపోలో ఒక పద్ధతి ఉండేది. డ్రైవర్లు, కండక్టర్ల కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం తెచ్చారు. మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని, వారంలో ఒకరోజు సెలవు. నిద్రలేని మనిషి చేతిలో యాభై మంది ప్రాణాలు పెట్టకూడదు కాబట్టే ఇలాంటి లెక్క అవసరమైంది. నైటౌట్ చేసి పొద్దున్నే దిగినవాణ్ణి మళ్లీ వెంటనే బండెక్కమనేవారు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే స్పేర్‌లో ఉన్నవాడు ఆ బస్సెక్కేవాడు. మనిషన్నాక అలిసిపోతాడు, ఒకరోజు రాలేడు అని ముందే ఒప్పుకుని డ్యూటీలు వేసేవారు. నేను స్పేర్‌లో కూర్చున్న రోజులూ ఉన్నాయి, నా బదులు స్పేర్ వెళ్లిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు ఆరేళ్లుగా ఒకే డ్యూటీలో ఉన్నాను. రిలీవర్ లేడు.

2024 ఫిబ్రవరిలో జరిగింది చెబుతాను. వరసగా నాలుగో రాత్రి నాకు నిద్ర లేదు. రెండున్నర అయింది. ఆమె పక్క తడిపితే బట్టలు మార్చి పడుకోబెట్టాను. పది నిమిషాలకు లేచి, బీరువాలో బట్టలన్నీ కింద పడేసి, మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లి తలుపు బాదుతోంది. నేను వెళ్లి చెంప మీద కొట్టాను. ఆమె ఏడవలేదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, గోడకు జరిగి, "కొట్టకండి బాబూ, మా ఇంటికి నేను పోతాను" అంది. చిల్లర కోసం బూతులు తిట్టినవాళ్లను, తాగి ఎక్కినవాళ్లను 31 ఏళ్లు చూశాను. ఒక్క ప్రయాణికుడి మీద చెయ్యెత్తలేదు. ఇది పత్రికకు రాయడం నాకు సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. తెల్లవార్లూ ఇలా ఒంటరిగా గడిపే ఇళ్లలో ఇలాంటి రాత్రులుంటాయి, బయటికి ఎవరూ చెప్పుకోరు.

ఈలోగా నా కుడికంటికి శుక్లం ముదిరింది. 2022లోనే ఆపరేషన్ అన్నారు. చేయించుకున్నాక కొన్నాళ్లు వంగకూడదు, బరువెత్తకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు. ఆమెకు నీళ్లు పోసేది, లేపి కూర్చోబెట్టేది నేనే కదా. సంక్రాంతి తర్వాత, ఎండలు తగ్గాక అని రెండేళ్లు వాయిదా వేశాను. ఒకరోజు రాత్రి వెయ్యాల్సిన మాత్ర పొద్దున వేశాను, రేకు మీద అక్షరాలు కనబడక. ఆమె మధ్యాహ్నం దాకా మత్తుగా పడుంది. ఇక ఆగకూడదనుకున్నాను.

వారం పది రోజులు ఆమెను చూసే చోటు కోసం వెతికాను. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేశాను. ఓపిగ్గా విని ఆశ్రమాల నంబర్లు ఇచ్చారు. ఒకరు, పర్మనెంటుగా అయితేనే తీసుకుంటాం, మూడు నెలల అడ్వాన్స్ కట్టాలన్నారు. మరొకరు, మతిమరుపు వాళ్లయితే వద్దండీ, గేటు దాటిపోతే మా మీదికొస్తుంది అన్నారు. వాళ్ల భయమూ నిజమే. ఇంటికి మనిషిని పంపే ఏజెన్సీ నెలకు రూ.24,000 అడిగింది. నాకొచ్చే ఈపీఎఫ్ పింఛను నాలుగు వేల లోపు.

చివరికి పక్క మండలంలో రిటైరైన నర్సమ్మ గారొకరు నడుపుతున్న చిన్న ఆశ్రమం దొరికింది. ఆవిడ రోజుకు రూ.600 చొప్పున 8 రోజులకు ఒప్పుకున్నారు. "మీ ఆవిడ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని రండి, మాకు అదే ముఖ్యం" అన్నారు. బస్సులో టికెట్ల లెక్క రాసే ఎస్‌ఆర్ షీటు రాసినంత జాగ్రత్తగా రెండు పేజీలు రాశాను. పేరు పెట్టి పిలిస్తే పలకదు, చిన్నప్పటి ముద్దుపేరుతో పలుకుతుంది. అద్దంలో తనను చూసుకుని ఎవరో వచ్చారని భయపడుతుంది, అద్దం మీద తువ్వాలు కప్పాలి. తల మీద నీళ్లు ముందు పోస్తే అరుస్తుంది, పాదాల మీద మొదలుపెట్టి పైకి రావాలి. ఐదింటికి గొడవ మొదలయ్యే ముందే పత్తి చేతికిస్తే గంటసేపు దీపం వత్తులు చేస్తూ కూర్చుంటుంది. అన్నీ మరిచిపోయినా ఆ వేళ్లకు వత్తి చెయ్యడం గుర్తుంది.

2024 నవంబరులో ఆమెను అక్కడ దింపి వచ్చాను. మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మణికట్టుకు కొంగు లేదని ఉలిక్కిపడి లేచేవాణ్ణి. మూడోనాడు రాత్రి తొమ్మిదికి పడుకుంటే పొద్దున ఎనిమిది దాటాక మెలకువ వచ్చింది. కాఫీ పెట్టుకుని, వేడిగా, కూర్చుని తాగాను. ఎవరికైనా ఇది చిన్న విషయమనిపిస్తుంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. నాలుగోనాడు కూతురు ఒక్క పూట వచ్చి ఆపరేషన్‌కు తీసుకెళ్లి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. తర్వాత నాలుగు రోజులూ కంట్లో చుక్కలు వేసుకుంటూ, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఉన్నాను.

తొమ్మిదోనాడు వెళితే ఆమె వరండాలో వత్తులు చేస్తోంది, పక్కన ఇద్దరు ముసలమ్మలు చూసి నేర్చుకుంటున్నారు. తల వెంట్రుకలు శుభ్రంగా దువ్వి జడ వేశారు, నాకు జడ వెయ్యడం రాదు. నన్ను చూసి, చాలాసేపు చూసి, "డ్యూటీ దిగారా?" అంది. ముప్ఫై ఏళ్లు రోజూ గుమ్మంలో అడిగిన మాట. రెండేళ్లయింది ఆ మాట విని.

ఆ తర్వాత స్నానం చేయించడానికి మా అక్క మనవడి భార్య మూడు వారాలు పొద్దున పూట వచ్చి వెళ్లింది. ఈ ఏడాదిలో నేను ఆమె మీద గొంతు పెంచిన సందర్భాలున్నాయి. చెయ్యి మాత్రం లేవలేదు.

మా వీధిలో మాత్రం "పెళ్లాన్ని ఆశ్రమంలో పడేశాడు" అన్న మాట పుట్టింది. నా మీద కోపంతో అన్నారని నేననుకోను. ఆశ్రమానికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం వాళ్లు చూడలేదు. నాలుగు రోజులు ఉంచి తెచ్చుకోవచ్చన్న ఊహే మనలో చాలామందికి లేదు. పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తే కోడలు అత్తిల్లు వదిలేసిందని ఎవరైనా అంటారా? దీన్ని రెస్పైట్ కేర్ అంటారని నర్సమ్మ గారు చెప్పారు. నేనైతే రిలీఫ్ అనే అంటాను. తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పూర్తిగా పడిపోయాక వస్తారని, అప్పుడిక ఇంటికి తీసుకెళ్లే ఓపిక వాళ్లకు మిగలదని ఆవిడ బాధపడ్డారు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని నేననను. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకు మన రాష్ట్రంలో నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. మా వియ్యపురాలికి వస్తోంది. ఆ డబ్బుతో నా కూతురు పగలు ఒక మనిషిని పెట్టుకోగలిగింది, తను నవ్వుతూ మాట్లాడడం అప్పటి నుంచే మళ్లీ విన్నాను. మా ఆవిడ నడుస్తుంది కాబట్టి మాకది వర్తించదు. మా ఇంట్లో అసలు కష్టం ఆమె నడిచి వెళ్లిపోవడమే, అందుకే ఈ లెక్క మాకు కుదరలేదు. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద ఏటా రూ.5 లక్షల దాకా ఉచిత వైద్యమని 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. మంచిదే. నాకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. ఆ రాత్రి ఆమెను ఎవరు చేర్చుకుంటారు?

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలో జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడా, దశలవారీగా పెట్టాలని ఉంది. అది దిక్కులేని పేదవాళ్ల కోసం. మాలాంటి ఇళ్లలో దిక్కు ఉంది, ఆ దిక్కుకే నిద్ర లేదు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు ఉంది. ప్రతి ఒక్కరి పక్కనా రాత్రి మేలుకునే భార్యో, భర్తో, కోడలో ఉంటారనుకోండి, ఎంతమంది అవుతారు?

కేరళలో 2008లోనే ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం, అంటే నయంకాని జబ్బులతో ఉన్నవాళ్లకు బాధ తగ్గించే సేవల విధానం తెచ్చింది, పంచాయతీల తరఫున నర్సులు మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకే వెళ్తారు. జపాన్‌లో 2000 నుంచి పెద్దవాళ్ల సంరక్షణకు ప్రత్యేకంగా బీమా ఉంది, అందులో కొన్నాళ్లు ఉంచి తీసుకెళ్లే షార్ట్ స్టే కూడా ఉంది. నేను అంత పెద్దవి అడగడం లేదు. ప్రతి ఏరియా ఆసుపత్రికి దగ్గర్లో, లేదా ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి ఆశ్రమంలో, నాలుగు మంచాలు స్పేర్‌గా పెట్టండి. ఎప్పటికీ నింపకుండా, వారం పది రోజుల కోసం వచ్చేవాళ్లకే ఉంచండి. గేటుకు తాళం, రాత్రి మేలుకునే ఒక మనిషి, మతిమరుపు వాళ్లతో మాట్లాడడం తెలిసిన ఒక నర్సు ఉంటే చాలు. ఉచితంగా అక్కర్లేదు, రోజుకు రూ.300 నేను కట్టగలను. డ్వాక్రా మహిళల్లో ఇష్టమున్నవాళ్లకు రెండు నెలల ట్రైనింగ్ ఇచ్చి వారానికి ఒక్క పూట ఇళ్లకు పంపగలిగితే వాళ్లకూ ఆదాయం ఉంటుంది. హైదరాబాద్, బెంగళూరులలో మతిమరుపు వాళ్లకు డే కేర్ సెంటర్లున్నాయి. మా ఊరి నుంచి పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకోగల దూరంలో నాకు ఒక్కటీ దొరకలేదు.

మా ఆవిడ పేరు, నా పేరు వెయ్యవద్దని కోరుతున్నాను. ఆమెకు తెలియకపోయినా ఆమె మర్యాద ఆమెకుంది.

ఇప్పుడు ఎడమకంటికీ శుక్లం వచ్చింది. సంక్రాంతి వెళ్లాక చేస్తామన్నారు. నర్సమ్మ గారి దగ్గర ఉన్నది పన్నెండు మంచాలు, అన్నీ నిండి ఉన్నాయట. ఆ వారానికి ఒకటి ఖాళీ అవుతుందేమో నెలాఖరుకు చెబుతామన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
తెనాలి.