రాత్రి చూసిన డాక్యుమెంటరీ

అందరికీ నమస్కారమండి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట టవర్లలోకి వెళ్లిన ఫైర్ సిబ్బంది మీద డాక్యుమెంటరీ చూశాను రాత్రి. ఇంకా మనసు కుదుటపడలేదు. లిఫ్టులు చాలావరకు ఆగిపోయాయి. జనం మెట్లు దిగుతుంటే వీళ్లు అంత బరువు మోసుకుంటూ పైకెక్కారు. 343 మంది తిరిగి రాలేదు. వాళ్ల ఒంటిమీద చిన్న అలారం ఉంటుంది, మనిషి అర నిమిషం కదలకపోతే మోగుతుంది. టవర్ కూలాక ఆ దుమ్ములో అవన్నీ కీచుమంటూనే ఉన్నాయండి... ఆ శబ్దం చెవుల్లోంచి పోవట్లేదు.

1995లో మన కోనసీమ పాశర్లపూడిలో బ్లోఅవుట్ అయ్యి, అంటే బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని, 60 రోజులకు పైగా మండింది కదా. రాత్రిళ్లు కొబ్బరాకులు ఎర్రగా కనపడేవి, అదే గుర్తుంది నాకు. ఆ మంటకి ఎదురెళ్లినవాళ్ల మొహం ఒక్కటీ గుర్తులేదు. అప్పుడక్కడ పనిచేసినవాళ్లు గానీ, వాళ్లింట్లోవాళ్లు గానీ ఈ గ్రూపులో ఉంటే దయచేసి రాయండి.