గబ్బిలం సంగతి సరే, రికార్డుల సంగతేంటండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండు గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయాడని వేసిన అరపేజీ చదివానండీ. తెలుగు పేపర్లో బ్లాక్ సబ్బాత్ అన్న పేరు అచ్చులో చూడటమే నాకు పండగ, కాబట్టి ముందు థాంక్స్ చెప్పుకోవాలి. కానీ చదవడం అయ్యాక మాత్రం కడుపు మండింది. అరపేజీలో ముప్పావు వంతు గబ్బిలమే. 1982లో స్టేజి మీద గబ్బిలం తల కొరికాడు, రబ్బరు బొమ్మ అనుకున్నాడంట, తర్వాత ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు, సరే నిజమే, కాదన్ను. మిగిలిన పావులో ఇదంతా అర్థంపర్థం లేని గోల, కుర్రాళ్ల తిక్క అని తేల్చేశారు. యాభై ఏళ్లు పైగా పాడిన మనిషి పోతే ఆయన పాడిన రికార్డు ఒక్కదాని పేరైనా రాయొద్దా? ఫొటో కింద కూడా ఒక తప్పు దొర్లింది, అది చివర్లో చెప్తా.

నేనేం సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. గాజువాక ఆటోనగర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పని, రేకు కొయ్యడం, వంచడం, వెల్డింగ్. ముప్పై ఏళ్లుగా మెటల్, పంక్ రికార్డులు వింటున్నా, రెండూ రాక్ సంగీతమే, మొదటిది బరువైన గిటార్లతో, రెండోది పొట్టిగా, వేగంగా, మా ఆవిడ దృష్టిలో ఇది నాకున్న ఒకే ఒక్క చెడలవాటు. ఇన్నేళ్లు విన్నాక నాకర్థమైంది ఏంటంటే ఈ రికార్డుల్లో మంచివి చాలా మటుకు ఏదో ఒక లోటులోంచి వచ్చాయి, చేతిలో వేళ్లు లేకో, డబ్బు లేకో, టైం లేకో. గోల అని మీరు రాసిందాన్ని దగ్గరగా వింటే ఆ లోటుకి వేసిన అతుకు వినిపిస్తుంది, అదే నేను చెప్పాలనుకున్నది.

సబ్బాత్‌లో గిటార్ వాయించిన టోనీ ఐయోమీ సంగతే తీసుకోండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పదిహేడేళ్లు. యూరప్ వెళ్లే బ్యాండొకటి దొరికింది, ఉద్యోగం మానేస్తున్నాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్లనులే అంటే వాళ్లమ్మ ఊరుకోలేదు, చేసేది సరిగ్గా చేసి రమ్మని పంపింది. రేకు నొక్కే ప్రెస్ మెషిను మీద చేసే మనిషి ఆ రోజు రాలేదు కాబట్టి ఈయన్ని దాని మీద నిలబెట్టారు. ప్రెస్ దిగింది, చెయ్యి లాక్కున్నాడు, కుడిచేతి మధ్యవేలు, ఉంగరంవేలు చివరలు అక్కడే ఉండిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి అవడం వల్ల కుడిచెయ్యే తీగల మీద నొక్కే చెయ్యి, అదీ దురదృష్టం. తర్వాత ఆ ఫ్యాక్టరీ ఫోర్మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడంట, జాంగో రైన్‌హార్ట్‌ది, మంటల్లో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా మిగతా వేళ్లతో గిటార్ వాయించిన మనిషి. అది విని ఐయోమీ గిన్నెలు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, సోల్డరింగ్ ఐరన్‌తో బొక్క పెట్టి, వేలికి పట్టేదాకా అరగదీసి, పైన పాత జాకెట్ తోలుముక్క అతికించుకుని రెండు టోపీలు చేసుకున్నాడు. మామూలు తీగలు నొక్కలేక సన్నటి తీగలేసుకున్నాడు, పోనుపోను వాటినీ వదులు చేసేశాడు. 1971లో వచ్చిన సబ్బాత్ రికార్డు మాస్టర్ ఆఫ్ రియాలిటీలో గిటార్ అంత కింద నుంచి, బావిలోంచి వచ్చినట్టు వినబడేది అందుకే. ఇవాళ ప్రపంచంలో ఏ మూల మెటల్ బ్యాండు పెట్టినా తీగలు వదులు చేస్తారు, వేళ్లన్నీ శుభ్రంగా ఉన్నా సరే.

మా షాపులో ఒక పెద్దాయనకి ఎడమచేతి చూపుడువేలు గోరు దగ్గర్నుంచి లేదు, మేమందరం మావయ్యా అంటాం, ఆయన బీడీ పట్టుకునే పద్ధతే వేరు. ఒకసారి టీ బ్రేకులో ఈ కథంతా చెప్పా. మొత్తం విని ఆయనడిగింది రెండే, ఒకటి మెషినుకి గార్డు లేదా అని, రెండోది డబ్బులేమైనా ఇచ్చారా అని. పాట వినిపిస్తే తల ఊపాడు గానీ ఏమనలేదు, బీడీ అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు.

ఇంకో సంగతి. సబ్బాత్ మొదటి రికార్డు 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం, వచ్చింది. పాడటం వాయించడం అంతా దాదాపు ఒక్క రోజులో అవగొట్టారు, మన దగ్గర పెళ్లి వీడియో ఎడిటింగ్‌కే నెల తిప్పుతారు. మొదటి పాట వానతో, చర్చి గంటతో మొదలౌతుంది, తర్వాత మూడంటే మూడు స్వరాలు. సా, పై సా, అక్కణ్ణుంచి దిగి ప్రతిమధ్యమం. అంతే. సా నుంచి ప్రతిమధ్యమానికున్న ఆ ఎడాన్ని పాశ్చాత్యులు దెయ్యం పేరుతో పిలిచారు, వింటే గుండె జారుతుందని. మా పక్కింట్లో సంగీతం చెప్పే టీచర్‌గారిని అడిగితే నవ్వేశారు, ఆ ప్రతిమధ్యమమే కదండీ కల్యాణి రాగంలో ఉండేది, మంగళకరమని పెళ్లిళ్లలో వాయిస్తాం అన్నారు. అదే మెట్టు అక్కడ దెయ్యం, ఇక్కడ కల్యాణం! స్వరం ఒకటే అయినా పక్కన ఏం పెట్టారు, ఎంతసేపు నిలబెట్టారు అన్నదాన్ని బట్టి భయం వేస్తుంది లేదా అక్షింతలు పడతాయి. మరి దీన్ని అర్థంపర్థం లేనిది అని ఎలా అంటాం చెప్పండి.

పంక్ వైపు వస్తే నా ఓటు రామోన్స్ అనే బ్యాండు మొదటి రికార్డుకి, 1976. న్యూయార్క్ కుర్రాళ్లు, 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు, ఖర్చు 6,400 డాలర్లు. ఆ రోజుల్లో పెద్ద బ్యాండ్లు రికార్డు మీద పెట్టే ఖర్చు ముందు అది చిల్లర. దీని గురించి నాకు తెలిసిన గొప్ప విషయం చెడిపోయిన ఇయర్‌ఫోన్ వల్ల తెలిసింది. కుడిపక్కది పోయింది, ఎడమపక్క దానితోనే బస్సులో వింటున్నా, పాట ఏదో బోసిగా ఉంది, బేసు (అంటే కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్), డ్రమ్ములు, గొంతు వినబడుతున్నాయి, మామూలు గిటార్ మాత్రం లేదు. ఫైలు పాడైందనుకున్నా. ఇంటికొచ్చి స్పీకర్లో పెడితే అప్పుడర్థమైంది, బేసు ఒక పక్క, గిటార్ ఒక పక్క పూర్తిగా విడగొట్టేసి పెట్టారు. అంటే ఒక పక్క మూసేస్తే ఒక మనిషి మాయం. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి పాఠం ఉందా, గిటార్ ఆపేసి ఆ పార్టు మీరే వాయించుకోవచ్చు. ఆ గిటార్ జానీ రామోన్‌ది, చెయ్యి పైనుంచి కిందకే కొడతాడు, మళ్లీ కిందనుంచి పైకి కొట్టడు, చేసి చూడండి, రెండు నిమిషాలకే మణికట్టు పట్టేస్తుంది. మూడు కార్డ్‌లతో, అంటే కలిపి మోగించే మూడు స్వరాల గుత్తులతో, ఎవడైనా వాయిస్తాడు అనేవాళ్లని ముందు ఆ 29 నిమిషాలు వాయించమనండి.

ఆ రికార్డుకి అమెరికాలో అమ్మకాలని బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు రావడానికి 2014 వచ్చింది. అప్పటికి నలుగురిలో ముగ్గురు పోయారు, డ్రమ్ములు కొట్టిన టామీ ఒక్కడే మిగిలాడు, అదే ఏడు జులైలో ఆయనా పోయాడు. ఇప్పుడు సీఎంఆర్ మాల్ దగ్గర ఏ సాయంత్రమైనా నిలబడండి, రామోన్స్ టీషర్టు వేసుకున్న పిల్లలు ఇద్దరైనా కనబడతారు, ఒకబ్బాయిని పాట చెప్పమంటే ఇది బ్రాండ్ కదంకుల్ అన్నాడు. పోనీలెండి.

స్లేయర్ అనే మెటల్ బ్యాండు వాళ్ల రెయిన్ ఇన్ బ్లడ్ కాసెట్ మా బావగారు, అంటే మా పెద్దక్క మొగుడు, 1996లో అమెరికా నుంచి తెచ్చారు. పేరు రాసిచ్చింది నేనే. ఆ రాత్రి పెట్టా, పది పాటలు, 29 నిమిషాల్లో అయిపోయింది, చివర్లో వాన చప్పుడు. తిప్పి బి సైడ్ పెడితే మళ్లీ అదే మొదటి పాట! పొద్దున్నే వెళ్లి, బావగారూ మిమ్మల్నెవడో మోసం చేశాడండీ, డూప్లికేట్ అంటగట్టాడు, రెండు పక్కలా ఒకటే ఉంది అన్నా. ఆయన మొహం మాడిపోయింది, పన్నెండు డాలర్లో ఎంతో పెట్టారు పాపం, అక్క నా మీద అరిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది అది తప్పు కాదు, రికార్డు అంత పొట్టిది కాబట్టి మొత్తం ఒక్క సైడులోనే పట్టేసింది, రెండో సైడు ఖాళీగా ఎందుకని అదే మళ్లీ వేశారు. బావగారికి ఫోన్ చేసి సారీ చెప్పా, ఆయనకి గుర్తే లేదు. ఈ రికార్డు చేయించింది రిక్ రూబిన్, అంతకుముందు ర్యాప్ రికార్డులు చేసినవాడు, అందుకేనేమో ప్రతిధ్వని అంతా పీకేసి ఎండిపోయిన కట్టెలా చేశాడు, ఎముకలు కనిపిస్తాయి. స్లేయర్‌లో పాటలు రాసిన జెఫ్ హానెమన్ పంక్ పిచ్చోడు, ఆ పొట్టితనం, ఆ తొందర అక్కణ్ణుంచి వచ్చినవే. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, మొదటి పాట నాజీ డాక్టర్ మెంగెలే మీద, దానివల్లే కొలంబియా రికార్డుల కంపెనీ పంపిణీ చెయ్యనంది, ఆ మాటలు నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటాయి, పిల్లలున్నప్పుడు రెండో పాట నుంచి పెడతా.

ఇక్కడిదాకా చదివి మీ డెస్కులో ఎవరైనా, అయితే చవగ్గా తొందరగా తీసిందల్లా గొప్పదా అని అడగొచ్చు. కాదండీ. నా సిద్ధాంతానికి నాకే రెండు బొక్కలు తెలుసు. మెటాలికా అనే మెటల్ బ్యాండు వాళ్లు మాస్టర్ ఆఫ్ పపెట్స్ రికార్డుని డెన్మార్క్‌లో నెలల తరబడి కూర్చుని చేశారు, 1986లో వచ్చింది, ఎనిమిది పాటలు, ఒక్క బోల్టు వదులు లేదు. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు 1977 రికార్డు కూడా పైకి రోడ్డుమీద తిట్టుకున్నట్టుంటుంది గానీ లోపల వాళ్ల గిటారిస్టు స్టీవ్ జోన్స్ గిటార్ మీద గిటార్ పొరలు పొరలుగా పేర్చాడు, బేసు కూడా చాలా పాటల్లో ఆయనే వాయించాడు. అంటే నిర్లక్ష్యం అనిపించేలా చెయ్యడానికి చాలా శ్రద్ధ పెట్టారన్నమాట.

కానీ డబ్బు, టైం బాగా చేతికొచ్చాక ఏమౌద్దో కూడా మెటాలికాయే చూపించింది. 1986 సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి వాళ్ల బేసు వాయించే క్లిఫ్ బర్టన్ పోయాడు, 24 ఏళ్లకే. ఆ స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు, 1988 రికార్డులో ఆయన బేసు వెతికినా దొరకదు, మిక్సింగ్‌లో అణిచేశారు. నాకైతే అది కొత్తగా వచ్చిన మనిషిని పంక్తిలో కూర్చోబెట్టి, విస్తరేసి, అన్నం వడ్డించకపోవడంలా ఉంటుంది. పాటలు మంచివే, అందుకే ఇంకా బాధ. 2003 సెయింట్ యాంగర్ అయితే 75 నిమిషాలు, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలో ఒక్కటీ లేదు, స్నేర్ డ్రమ్ము ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు టంగు టంగుమంటుంది. అదీ నిజాయితీయే అనేవాళ్లున్నారు. ఉండనీండి, నేను మా షాపులో రోజూ ఎనిమిది గంటలు అదే చప్పుడు జీతానికి వింటున్నా.

మెటల్ వాళ్లకీ పంక్ వాళ్లకీ పడదు అంటారు, అదీ సగమే నిజం. మోటర్‌హెడ్ బ్యాండు గాయకుడు లెమ్మీ దగ్గరికి రెండు గుంపులూ వచ్చేవి, ఆయనేమో మాది రాక్ అండ్ రోల్ అనేవాడు. బ్లాక్ ఫ్లాగ్ అనే పంక్ బ్యాండు 1984లో మై వార్ రికార్డు తీస్తే రెండో సైడంతా మూడే పాటలు, ఒక్కోటి ఆరు నిమిషాల పైన, ఎద్దుబండి నడకలో, వేగం కోసమొచ్చిన పంక్ కుర్రాళ్లు తిట్టుకున్నారు. నాకది సబ్బాత్‌కి పెట్టిన దణ్ణంలా వినిపిస్తుంది. ఇక నాపామ్ డెత్ అనే బ్యాండు, మళ్లీ బర్మింగ్‌హామే. 1987లో వచ్చిన స్కమ్‌లో 28 పాటలు, ఒక సైడు వాయించినవాళ్లు రెండో సైడులో లేరు, రెండింట్లోనూ ఉన్నది డ్రమ్మర్ ఒక్కడే. అందులో ఒక పాట సెకను పైన కాస్త, అంతే, గిన్నిస్ బుక్కులోకి కూడా ఎక్కింది. దాన్ని పాట అనాలా అంటే, తుమ్ముని మాట అనం కదా, నేను కూడా అనలేను. కానీ వింటే నవ్వొస్తుంది, ఈ సంగీతంలో నవ్వు కూడా ఉందని మీరు ఎక్కడా రాయలేదు.

క్లాష్ అనే పంక్ బ్యాండు వాళ్ల లండన్ కాలింగ్ రికార్డు గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుద్ది, రెండు రికార్డుల సెట్టుని ఒక రికార్డు ధరకి అమ్మించారు, ఆ ఒక్కదానికే వాళ్లంటే నాకు గౌరవం. మన దగ్గర కూడా ఈ గాలి లేకపోలేదు, హైదరాబాద్‌లో గాడ్‌లెస్ అని డెత్ మెటల్ బ్యాండుంది, ఎవరినైనా పంపించి రాయించండి, గబ్బిలాలు ఉండవు.

ఇప్పుడు ఆ ఫొటో. గిటార్ పట్టుకున్న మీసాలాయన బొమ్మ వేసి కింద ఓజీ ఆస్‌బోర్న్ అని పెట్టారు. ఓజీ గాయకుడండీ, సబ్బాత్‌లో గిటార్ ఆయన చేతిలో ఉండదు. మీ దగ్గర ఒరిజినల్ ఫొటో ఉంటే పెద్దది చేసి చూడండి, గిటార్ ఎడమచేతి వాటంగా ఉంది, కుడిచేతి మధ్యవేలికీ ఉంగరంవేలికీ చివర టోపీలు కనబడతాయి. సవరణ వేసేటప్పుడు దయచేసి పేరు సరిగ్గా వెయ్యండి, టోనీ ఐయోమీ. ఆయన బతికే ఉన్నారు.

ఇట్లు
మీ పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం